మంత్రిగారి వంద నిమిషాలు

"ఇకమీదట నోరుండి మాట్లాడలేని మనిషి ఈ నేల మీద ఒక్కడూ ఉండడు" అని టెలిఫోన్ల మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకునే రకం కాదాయన. మర్నాటికల్లా కొండ మీద సొరంగం తవ్వే పనివాళ్ల క్యాంపుకి ఒక జీపు నిండా కార్డులు పంపించారు.

ఆ కొండ మీద సెల్‌ఫోను పలకదు. క్యాంటీను గోడకి ఒక ఫోను ఉంది. అంతకుముందు అందులో రూపాయి బిళ్ల వేస్తే పలికేది. బిళ్లలు మోసుకు తిరగడం శ్రామికుడికి భారమని మంత్రిగారు జాలిపడి, బిళ్ల వేసే కన్నాన్ని వెల్డింగు చేయించారు. ఇక అంతా కార్డే.

కార్డు చూడముచ్చటగా ఉంది. ఒక పక్క "వంద నిమిషాలు" అని లావుపాటి అక్షరాలు. రెండో పక్క మంత్రిగారి ఫోటో. రహస్య నంబరు మీద పూసే వెండి పూత మొదట ఆయన ముఖం మీదే పడిందట. నాయకుడి ముఖాన్ని జనం చేత గీకించడం బాగుండదని పార్టీవాళ్లు అడ్డుపడితే, కిందికి దించి చొక్కా జేబు మీదికి మార్చారు. గోటితో జేబు గీకితే అంకెలు బయటపడతాయి. అవి నొక్కి, ఆ తర్వాత ఇంటి నంబరు నొక్కాలి. మంత్రిగారి జేబులోంచి జనానికి ఏదైనా బయటికి రావడం అదే మొదటిసారని క్యాంటీను వంటాయన అన్నాడు గానీ, వంటాయనకి మొదట్నుంచీ నోటి దురుసు.

తాపీమేస్త్రికి మాత్రం ఆ కార్డు అడిగినట్టే వచ్చింది. ఇన్నాళ్లూ పరాయివాళ్లకి గోడలు కట్టిన మేస్త్రికి ఊళ్లో సొంత ఇల్లు లేస్తోంది. కట్టుకోవడానికి తీరిక లేక పని బావమరిదికి అప్పగించాడు. బావమరిది శుక్రవారం గుమ్మం నిలబెడుతున్నాడని, అదీ సందు వైపని, అటుగా వచ్చిన లారీ డ్రైవరు చెప్పి తన దారిన పోయాడు. వీధి వైపు ఇటుకలు పేర్చి ఉన్నాయట, అవి జరపడానికి బద్ధకమట. సందు పక్కింటాయనది. ఆయన రేపు అక్కడ గోడ లేపాడంటే మేస్త్రి కుటుంబం కిటికీలోంచి దూకుతూ సంసారం చేయాలి. "గుమ్మం వీధి వైపు పెట్టించు." పెళ్లానికి చెప్పాల్సింది ఇంతే. వంద నిమిషాలుంటే ఆ ముక్కని పాట కట్టి వినిపించొచ్చు.

ఆదివారం అంకెలు నొక్కాడు. "మీకు వంద నిమిషాలు ఉన్నాయి" అంది తేనె పూసిన ఆడగొంతు.

"సంతోషమమ్మా" అన్నాడు మేస్త్రి.

వెంటనే మంత్రిగారి గొంతు అందుకుంది. "ప్రియమైన శ్రామిక సోదరులారా!" అని మొదలుపెట్టి, తన బాల్యం, తన కష్టాలు, తన వినయం, ఎక్కడా తొందరపడకుండా తొమ్మిది నిమిషాలు చెప్పారు. అది పూర్తయ్యాకే అవతల గంట మోగింది.

"ఏమండీ! మీరేనా? తిన్నారా?"

"తిన్నాలే గానీ, ఇదిగో విను, మీ తమ్ముడు..."

"మా తమ్ముణ్ణి ఏమీ అనకండి! మీ ఇంటి కోసం ఎండలో మాడిపోతున్నాడు పాపం. మొన్న మా అమ్మ కూడా..."

"మీ నిమిషాలు ముగిసినవి" అంది ఆడగొంతు, అదే తేనెతో.

మేస్త్రి కార్డుల గుమస్తా దగ్గరికి పరిగెత్తాడు. "వందా ఎక్కడికి పోయాయండీ?"

గుమస్తా ఓపికమంతుడు. "ఎక్కడికీ పోలేదు. లైను కలిపినందుకు ఇరవై. మీ ఊరు దూరం కాబట్టి నిమిషానికి ఎనిమిది. నిమిషంలో కాస్త మాట్లాడినా మొత్తం మాట్లాడినట్టే. మంత్రిగారి సందేశం తొమ్మిది నిమిషాలు..."

"అదీ నా ఖాతాలోనేనా?"

"విన్నది నువ్వే కదయ్యా!"

"మరి కార్డు మీద వంద నిమిషాలని వేశారు?"

"వందే. కాకపోతే అవి కార్డు నిమిషాలు మేస్త్రీ. గడియారం నిమిషాలు వేరు."

"పోనీ, మాట్లాడకుండా దాచుకుంటే?"

"దాచినందుకు రాత్రికి అయిదు. కార్డుకి పోషణ ఉండొద్దూ?"

"వందకి వందా మిగలాలంటే ఏం చేయాలండీ?"

"జేబు గీకకూడదు."

సంగతి పైదాకా పోయింది. మంత్రిగారు చలించిపోయారు. ఆ పూటే సందేశం చివర "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అని చేర్పించారు. ఆయన ఏ పనీ సగంలో వదలరు కనక ఆ చింత రెండు నిమిషాలు సాగింది. మంగళవారం మేస్త్రి ఇంకో కార్డు కొని గీకాడు. మంత్రిగారు ఇంకా చింతిస్తూ ఉండగానే నిమిషాలు అయిపోయాయి. అవతల గంటే మోగలేదు.

బుధవారం మంత్రిగారే స్వయంగా కొండెక్కి వచ్చారు. వెనక పీఏ, పీఏ వెనక కెమెరాలు.

"చెప్పవయ్యా మేస్త్రీ, నీ బాధేంటి?"

మేస్త్రి గుమ్మం సంగతంతా చెప్పాడు. "కొండ మీద కూడా మీ కారులో ఫోను పలుకుతుందంట కదయ్యా. ఒక్కసారి ఇప్పిస్తే, ఒక్క ముక్క..."

పీఏ కళ్లెర్రజేశాడు. మంత్రిగారు మాత్రం మేస్త్రి భుజం మీద చెయ్యేశారు. "నా ఫోనిస్తే నీ ఒక్కడి కష్టమే తీరుతుంది తమ్ముడూ. నేను అందరి మంత్రిని. నీ మాట నా నోటితో చెప్తాను, సరేనా? అదీ సందేశం మొదట్లోనే! ఏం పీఏ?"

"అద్భుతం సార్!"

క్యాంపంతా చప్పట్లు కొట్టింది. మేస్త్రి కూడా కొట్టాడు. మంత్రి అంతటివాడు తన గుమ్మం గురించి చెప్తానంటే కొట్టకుండా ఎలా ఉంటాడు? వంటాయన ఏదో అనబోతే పక్కనున్న క్రేను డ్రైవరు ఆయన నోరు నొక్కేశాడు.

శుక్రవారం పొద్దున్నే మంత్రిగారు ఉచితంగా ఇచ్చిన కొత్త కార్డుతో మేస్త్రి ఫోను ముందు నిలబడ్డాడు. వెనక వరస కట్టిన జనం.

"ప్రియమైన శ్రామిక సోదరులారా! అన్నిటికన్నా ముందు ఒక ముఖ్యమైన మాట. గుమ్మం వీధి వైపే పెట్టండి. సందు వైపు వద్దు. రేపు పక్కింటాయన గోడ కట్టవచ్చు."

మాట పొల్లుపోలేదు. మేస్త్రి చెప్పినదానికన్నా బాగా చెప్పారు. తర్వాత బాల్యం వచ్చింది, వినయం వచ్చింది, చింత మొదలైంది, ఆడగొంతు వచ్చింది. ఆ వేళకి బావమరిది సందు వైపు సిమెంటు కలుపుతూ ఉంటాడు.

మేస్త్రి పక్కకి తప్పుకున్నాడు. తర్వాత వంతు క్రేను డ్రైవరుది. చెవికి ఫోను ఆనించి కదలకుండా చాలాసేపు విన్నాడు. మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"మేస్త్రీ! మాది అద్దె గదే, అయినా గుమ్మం వీధి వైపే పెట్టమంటున్నారయ్యా. ఎంత శ్రద్ధో చూడు!"

"మరి మీ ఆవిడేమంది?"

"మా ఆవిడా? అంతదాకా రాలేదు."