సున్నా మిల్లీమీటర్ల చేప

వాతావరణ కేంద్రం వర్షమాపకంలో బతికున్న చేప దొరికింది.

1986 జూలై ఇరవైరెండున, ఉదయం ఎనిమిదిన్నరకు, ఆసిఫాబాద్ బస్సు ఆగీ ఆగనట్టు ఆగే ఒక ఊళ్లో ఈ ఘటన జరిగింది. ఊరి పేరు వెల్లడించడానికి పైనుంచి అనుమతి రాలేదు. చేప వేలెడు పొడవుంది. ఆరోగ్యంగా ఉంది. హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన నిర్మలాదేవి మూత తీసి చూసి, పెట్టేసి, మళ్లీ తీసి చూశారు. అప్పటికీ అది చేపే.

పక్కనే పరిశీలకుడు రాజలింగు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. అందులో నలభై ఒక్క రోజులుగా వర్షపాతం సున్నా. అన్ని సున్నాలూ అతని చేతివే. గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి.

“ఈ పదమూడో తారీఖు సున్నా ఇట్లా అలుక్కుపోయిందేం?” అని నిర్మలాదేవి అడిగారు.

“చెమట మేడం.”

సున్నాల వెనుక ఒక చరిత్ర ఉంది. కేంద్రానికి అధిపతులు ఇద్దరు. మధుసూదన్‌రావు గారికి బదిలీ అయితే, కోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నారు. ఆయన స్థానంలో వచ్చిన జగన్మోహన్‌రావు గారు స్టేకు ముందురోజే చార్జి తీసుకున్నారు. ఇద్దరూ చట్టబద్ధమే కాబట్టి ఒకే గదిలో రెండు కుర్చీలు, రెండు హాజరు పట్టీలు వెలిశాయి. సిబ్బంది రెండింటిలోనూ సంతకాలు చేసి, రెట్టింపు హాజరుకు రెట్టింపు సెలవులు కోరారు. ఇవ్వనందుకు నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ఏ అధిపతికి నిరసన తెలపాలో తేలక, ఎడమ భుజానికొకటి, కుడి భుజానికొకటి.

బయటి నోటీసు బోర్డును ఒక సుద్దగీత నిలువునా చీల్చింది. ఎడమవైపు ‘భారీ వర్షాలు’ అని మధుసూదన్‌రావు గారు రాస్తే, కుడివైపు ‘పొడి వాతావరణం’ అని జగన్మోహన్‌రావు గారు రాసేవారు. ఆ నెల కేంద్రం అంచనా ఒక్కటీ తప్పలేదు. అడుగున ‘నిన్నటి వర్షపాతం: సున్నా’ అన్న వాక్యం మాత్రం ఉమ్మడి ఆస్తి.

వర్షమాపకం చుట్టూ ఉన్న కంచె గేటుకు ఇద్దరూ చెరో తాళం వేశారు. ఇద్దరూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది; తనిఖీ పుణ్యమా అని ఆ ఉదయమే తెరుచుకుంది. రాజలింగు రోజూ అడిగేవాడు.

“సార్, జర చాబి ఇయ్యుండ్రి. వాన గొల్వాలె.”

“ముందుగాల ఆయన్ని ఇయ్యమనవయ్యా,” అనేవారు ఇద్దరూ.

రిజిస్టరులో గడి ఖాళీగా వదిలితే సంజాయిషీ అడుగుతారు. సున్నా వేస్తే సంతకం పెడతారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో రాజలింగు సంపాదించిన శాస్త్రజ్ఞానం అదే.

విచారణ మొదలైంది. మధుసూదన్‌రావు గారు ఛాతీ విరిచారు.

“నా పద్నాలుగేళ్ల పాలనలో ఈ కేంద్రంలోకి ఒక్క చేప ప్రవేశించలేదు. నేను బదిలీ అయ్యాకే ఈ దౌర్భాగ్యం!”

“బదిలీ అయ్యానని ఒప్పుకున్నారు! రాసుకోండి మేడం!” అని జగన్మోహన్‌రావు గారు లేచారు. “ఇక చేప సంగతి. నేను చార్జి తీసుకున్న జాబితాలో చేప లేదు. కనుక అది ప్రభుత్వ చేప కాదు.”

“బాధ్యులెవరో మధ్యాహ్నంలోగా తేలాలి. లేకుంటే ఇద్దరి పేర్లూ రాస్తాను,” అన్నారు నిర్మలాదేవి.

అంతే, అయిదు నిమిషాల్లో రాజలింగు సస్పెన్షన్ కాగితం తయారైంది. సున్నాలు తప్ప, నలభై ఒక్క రోజుల్లో ఇద్దరూ సంతకం చేసిన మొదటి కాగితం అది. కార్యాలయంలో సామరస్యం నెలకొన్నందుకు హర్షిస్తూ సిబ్బంది బ్యాడ్జీలు తీసేశారు.

రాజలింగుకు ఇల్లు గుర్తొచ్చింది. చేప వల్ల నౌకరీ పోయిందంటే భార్య సారక్క నమ్ముతుందా? నమ్మినా, ఆ చేప ఏదని అడుగుతుంది. అతను కాగితానికి చేయి చాచాడు.

“జర ఆగుండ్రి!”

గేటు దగ్గరి నుంచి కావలి అంకయ్య వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

“చేపను ఏసింది నేనే మేడం. రాజలింగన్న తప్పు లేదు. తొమ్మిది దినాల కింద మూడు గంటలు వాన దంచికొట్టింది. గా సున్నా అలుక్కపోయింది చెమటకు గాదు, వానకే. డబ్బా నిండిందని గీ సారుకు చెప్పిన. ‘గా సారుకు చెప్పు’ అన్నడు. గా సారుకు చెప్పిన. ‘గీ సారుకు చెప్పు’ అన్నడు. ఇద్దరూ గొడుగులు ఆరబెట్టుకుంటనే చెప్పిండ్రు. వాన అంటె ఎవ్వరు సూడలే, చేప అంటెనన్న సూస్తరని, కంచె కింద మేకలు దూరే సందులకెల్లి దూరి, వాగుల పట్టిన పిల్లను ఏసిన. రోజూ నూకలు గూడ ఏస్తున్న. ఊరోళ్లతోని సాక్ష్యం చెప్పిద్దమంటె, వాళ్లు బోర్డు మీద సున్నా సూసి, తడిబట్టలతోనే కరువు దరఖాస్తులు పెట్టిండ్రు. వాన పడ్డదని ఒక్కడు నోరిప్పలే.”

అంకయ్య గొంతు కాస్త తగ్గించి, జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు.

“కరువు దరఖాస్తు నాది గూడ ఉన్నది మేడం. సంతకం ఏ సారు జేస్తడో, జర గది తేల్చుండ్రి.”