కార్లో తల్లి ఉండాలి

ఆ సోమవారం పొద్దున్న అతని పథకం చాలా చిన్నది. అమ్మను కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాలి, గుమ్మం పక్కనే కారు పెట్టాలి, అమ్మను బస్సెక్కించి ఇంటికి పంపేయాలి, తను అందరికంటే ముందు వెళ్ళి సీట్లో కూర్చోవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదని గడ్డం గీసుకుంటూ అద్దంలో మనిషికి నచ్చజెప్పాడు. నచ్చజెప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పరుపుల కంపెనీలో ఫిర్యాదుల విభాగం అతనిది. కొన్న వారానికే పరుపు మధ్యలో గుంట పడిందని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ గుంట వాళ్ళ నడుము మంచికోసమే పడిందని ఒప్పించి ఫోన్ పెట్టేయడం అతని ఉద్యోగం.

ఆఫీసులో అతని అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఐదు నిమిషాల్లో అక్కడుంటా" అంటాడు గనక అందరూ ఐదు నిమిషాలాయన అనే పిలుస్తారు. ఇన్నాళ్ళూ ఆ పేరుతో అతనికి పేచీ లేదు. ఇప్పుడు వచ్చిపడింది. విభాగం పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఇతనికైనా రావాలి, పక్క సీటులో ఉన్న కవలల తల్లికైనా రావాలి. పనిలో ఇద్దరూ ఇద్దరే. ఎటూ తేల్చుకోలేక మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచి, ఈ వారమంతా ఎవరు వేళకు వస్తే వాళ్ళకే కుర్చీ అనీ, శుక్రవారం పొద్దున్న మీటింగులో ఆ మాట ప్రకటిస్తాననీ చెప్పేశాడు. ఆ కుర్చీ కోసం ఐదు నిమిషాలాయన ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు.

వేళకు రావడానికి అడ్డమల్లా పార్కింగే. గుమ్మం పక్క నీడలో కొద్దిపాటి చోటుంది. అది నిండితే గోదాము వెనక మైదానంలో కారు వదిలేసి, బురదలో నడిచి రావాలి. ఆ కొద్దిపాటి చోటులోనే మొన్న కొత్తగా బోర్డు పాతారు: "పిల్లలతో వచ్చే తల్లుల వాహనాలకు మాత్రమే."

ఆ బోర్డు ఊరికే రాలేదు. ఆఫీసు కింద పసిపిల్లల గది ఉంది. ఒకణ్ణి చంకనెత్తుకుని, ఇంకొకణ్ణి చేత్తో పట్టుకుని, సంచి మెడలో వేసుకుని బురదలో నడవలేకపోతున్నానని కవలల తల్లి మీటింగులో చెప్పింది. అందరికంటే ముందు లేచి అడ్డుకున్నది మనవాడే. "కారుకు ఆడా మగా ఏమిటండీ? అందరూ సమానమన్నప్పుడు బురద కూడా అందరికీ సమానమే" అన్నాడు.

"సరేనండీ. రేపు మా పిల్లలిద్దర్నీ మీరు మోసుకురండి. బురద సమానంగా పంచుకుందాం" అంది ఆవిడ. అందరూ నవ్వారు, బోర్డు పాసయింది. అతను మాత్రం ఆ బోర్డు ముందు నిలబడి, పరుపు గ్యారంటీ కాగితం చదివినంత శ్రద్ధగా దాన్ని చదివాడు. తల్లి వయసు రాయలేదు. బిడ్డ వయసూ రాయలేదు. దాంతో అతని మొహం వెలిగిపోయింది.

అతని తల్లి బడిలో డ్రిల్లు టీచరుగా చేసి ఈమధ్యనే రిటైరైంది. ఈల ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది గానీ ఊదడానికి ఇంట్లో మనుషులు చాలరు. "నా ఆఫీసు ఎప్పుడూ చూడలేదుగా, వచ్చి చూద్దువుగాని రా అమ్మా" అని కొడుకు పిలవగానే ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళకు వీడికి బుద్ధి పుట్టిందని చాలా సంతోషించింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, అతను లేవకముందే తయారై, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ కారు ఆపి లోపలికి తొంగిచూశాడు. "తల్లి ఎవరు సార్?"

"ఇదిగో, మా అమ్మ."

"మరి బిడ్డ?"

"నేనే."

వాచ్‌మన్ వెనకసీటు కేసి చూశాడు, బోర్డు కేసి చూశాడు, మళ్ళీ ఇతని మీసాల కేసి చూశాడు. బోర్డులో మీసాల సంగతి లేదు. చేసేదిలేక గేటు తీశాడు. వాచ్‌మన్ ఎందుకు అడిగాడో ఆమెకు బోధపడలేదు. కొడుకు తనను ఘనంగా పరిచయం చేస్తున్నాడనే అనుకుంది.

ఆ పూట ఐదు నిమిషాలాయన మేనేజరు కంటే ముందే సీట్లో ఉన్నాడు. కానీ అమ్మ బస్సెక్కలేదు. నీ సీటు చూడందే వెళ్ళనంది. అతను "ఐదు నిమిషాలు కూర్చోమ్మా" అని కింద షోరూములో ఒక పరుపు మీద కూర్చోబెట్టి పైకి వెళ్ళాడు. సాయంత్రం దాకా దిగలేదు. ఆమె ఏమీ అనుకోలేదు. మర్నాడు అతనికంటే ముందే మళ్ళీ కారులో కూర్చుంది.

కిటికీల్లోంచి ఇదంతా చూస్తున్న మగవాళ్ళ బుర్రల్లో పురుగు తొలిచింది. మంగళవారం స్టోరుకీపరు వాళ్ళమ్మను తెచ్చాడు. డెలివరీలు చూసే ఆయన తల్లి తమ్ముడి దగ్గర ఉంటోంది గనక అత్తగారిని తెచ్చాడు. వాచ్‌మన్ ఇదేమిటని అడిగితే, అల్లుడు కొడుకుతో సమానం కాదా, ఆ మాట ఆవిడనే అడుగు అని దబాయించాడు. ఆవిడ ఎందుకో కారు అద్దం ఎక్కించేసుకుంది. టైపు చేసే కుర్రాడైతే ఇంటి యజమానురాలినే ఎక్కించుకొచ్చాడు. ఆవిడ తనను కన్నబిడ్డలా చూసుకుంటుందట. బుధవారానికి షోరూములో పరుపులన్నీ తల్లులతో నిండిపోయాయి. వాచ్‌మన్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

తల్లులకు పొద్దుపోవాలి కదా. ఎవరైనా ధర అడగడానికి వస్తే చాలు, ఆ మూలది వద్దు నాయనా, నిన్న దానిమీద పడుకుంటే నడుం పట్టేసింది అని ఒకావిడ చెప్పేది. ఇంకొకావిడ దుప్పటి ఎత్తి కుట్లు చూపించేది. వచ్చినవాళ్ళు తిన్నగా పైకెక్కి ఫిర్యాదుల విభాగంలో కూర్చునేవాళ్ళు. పరుపు కొనకముందే ఫిర్యాదు రావడం ఆ కంపెనీ చరిత్రలో అదే మొదలు. ఐదు నిమిషాలాయన ఎంత నచ్చజెప్పినా వాళ్ళు కదిలేవాళ్ళు కాదు.

గురువారం వాన పడింది. కవలల తల్లి గేటుదాకా వచ్చి, చోటు లేక కారు వెనక్కి తిప్పుకుని మైదానానికి వెళ్ళింది. కాసేపటికి చంకలో ఒకడూ, చేతిలో ఒకడూ, మెడలో సంచీతో బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. షోరూము అద్దంలోంచి చూసిన డ్రిల్లు టీచరు గొడుగు వేసుకుని పరుగున ఎదురెళ్ళి ఒక పిల్లవాణ్ణి అందుకుంది. ఇంత అవస్థ ఎందుకమ్మా, గుమ్మం పక్కన పెట్టుకోరాదూ అని అడిగింది.

"ఖాళీ ఉండటం లేదండీ. అందరికంటే ముందు మీ అబ్బాయి కారే వచ్చేస్తోంది" అంది ఆవిడ. ఆ మాటలో కోపం లేదు, ఓపిక లేకపోవడమే ఉంది.

మిగతాది వాచ్‌మన్ చెప్పాడు. నాలుగు రోజులుగా కడుపులో దాచుకున్నది గనక వివరంగానే చెప్పాడు. ఆమె బోర్డు చదివింది. ఆఫీసు చూపిస్తానన్న కొడుకు తనను గేటు దాటడానికి చూపించాడన్నమాట. ఆమెకు చాలా బాధ కలిగింది. అంతకంటే ఎక్కువగా అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లవాణ్ణి వాచ్‌మన్ చేతికిచ్చి, బ్యాగు తెరిచి, ఈల తీసి ఊదింది.

ఆ ఈల వినగానే ఆఫీసులో ఉన్న మగవాళ్ళందరికీ చిన్ననాటి బడి గుర్తొచ్చింది. ఎందుకు దిగుతున్నారో తెలియకుండానే మెట్లు దిగి, వానలో పొట్టివాళ్ళు ముందూ పొడుగువాళ్ళు వెనకా వరసగా నిలబడ్డారు. ముందునుంచి రెండోవాడు మేనేజరు. ఆమె ఒక్కొక్కణ్ణి పిలిచి, కారులో బిడ్డ ఎక్కడని అడిగింది. నేనే అని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అందరికంటే ముందు ఐదు నిమిషాలాయన కారే మైదానానికి వెళ్ళింది.

వాన వెలిశాక వాచ్‌మన్ మేనేజరు దగ్గరికెళ్ళి, తన వల్ల కాదనీ, పార్కింగు డ్రిల్లు టీచరుకే అప్పజెప్పమనీ చేతులు జోడించాడు. మేనేజరు అక్కడికక్కడే ఆమెను ఆ పనిలో పెట్టేశాడు. బోర్డులో వయసులు కూడా రాయించమంటారా అని మర్యాదగా అడిగాడు. అక్కర్లేదు, మొహం చూస్తే తెలుస్తుందని ఆమె చెప్పింది.

శుక్రవారం పొద్దున్న ఆమె తయారై గుమ్మంలో నిలబడి కొడుకును పిలిచింది. స్నానాల గదిలోంచి "ఐదు నిమిషాలు" అని వినిపించింది. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

అతను గేటు చేరేసరికి మీటింగు మొదలయ్యే వేళ అవుతోంది. అప్పటిదాకా అతనూ కవలల తల్లీ ఇద్దరూ వేళకే వచ్చారు గనక కుర్చీ సంగతి తేలేది ఆ పూటే. గుమ్మం పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. కారు ముందు ఈల మోగింది.

"అమ్మా, నేనే. తొందరగా పోనీ."

"బిడ్డ కనిపిస్తున్నాడు. తల్లి ఏది?"

"నువ్వేగా తల్లివి."

"నేను గేటు దగ్గరున్నాను. తల్లి కార్లో ఉండాలి."

"కుర్చీ పోతుందమ్మా."

"ఐదు నిమిషాల నడక నాన్నా. వెనక కారుకు దారియ్యి."

వెనక కారులో కవల పిల్లలు అద్దానికి ముక్కులానించి అతన్నే చూస్తున్నారు. అతను తెల్లమొహం వేసుకుని మైదానానికి పోయాడు.

మోకాళ్ళదాకా బురదతో మీటింగు గదిలో అడుగుపెట్టేసరికి చప్పట్లు అయిపోతున్నాయి. కుర్చీలో కవలల తల్లి కూర్చుని ఉంది. అతనికి ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ ఎగతాళి చేయలేదు. సంచిలోంచి పిల్లల తువ్వాలొకటి తీసి అందించింది.

"ముందు కాళ్ళు తుడుచుకోండి. బురద సమానంగానే పంచుకున్నట్టున్నాం."

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక అతను కిందికి దిగివచ్చి, అమ్మను పైకి తీసుకెళ్ళి తన సీటు చూపించాడు. పాత సీటే. ఆమె కూర్చుని చూసి, ఫోను తీసి పెట్టి, సొరుగు లాగి మూసింది. బావుందిరా అంది. మనస్ఫూర్తిగానే అంది. పిలిచిన రోజే చూపించాల్సిందని అతను గొణిగాడు. ఆమె అతని భుజం తట్టింది.

ఇద్దరూ మైదానం దాకా నడిచి కారెక్కారు. గేటు దాటబోతుంటే ఆమె ఆగమని చెయ్యెత్తింది. గుమ్మం పక్కన ఒక్క కారూ లేదు.

"ఇప్పుడు కార్లో తల్లి ఉంది, బిడ్డా ఉన్నాడు. కావాలంటే ఐదు నిమిషాలు పెట్టుకో."