గడియార స్తంభానికి తగినంత చీకటి

గడియార స్తంభం కూడలిలో రాత్రిపూట ఎలాంటి వెలుగుండాలో ఇన్నేళ్లుగా ఎవరూ ఆలోచించలేదనీ, ఆ లోటు తాను తీరుస్తాననీ మంత్రిగారు మిట్టమధ్యాహ్నం మైకులో ప్రకటించారు. ఎండకు చేతులు అడ్డం పెట్టుకున్నవాళ్లు కూడా వాటిని దించి చప్పట్లు కొట్టారు.

అందరికంటే గట్టిగా కొట్టింది చెప్పుల కొట్టు గ్యారంటీ బాబాయి. ఏ జత అమ్మినా నోటితో గ్యారంటీ ఇస్తాడని ఆ పేరు. ఆయన లెక్క ఆయనకుంది. పగలు వచ్చేవాళ్లు ధర అడిగి పోతారు. కొనేవాళ్లు దీపాలు పెట్టాకే వస్తారు. కూడలి వెలిగితే బేరం పెరగక ఏమవుతుంది? ఆ ధైర్యంతో పక్క గది కూడా అద్దెకు తీసుకుని, గూళ్ల నిండా సరుకు దించాడు.

కొన్నాళ్లకు లైటింగ్ కన్సల్టెంట్ వచ్చాడు. కొట్లోకి తొంగిచూసి, రోగిని చూసినట్టు నిట్టూర్చాడు.

"ఇదేంటి?"

"ట్యూబులైటు సార్."

"అది తెలుసు. ఎందుకు వెలుగుతోంది?"

"స్విచ్చి వేశాను సార్."

"స్తంభం మీద మేం వేసేది మెత్తటి వెలుగు. అది కనబడాలంటే చుట్టూ నాణ్యమైన చీకటి కావాలి. మీరు దాన్ని పాడుచేస్తున్నారు."

చీకట్లో కూడా నాణ్యత ఉంటుందని బాబాయికి అప్పుడే తెలిసింది. పెద్దమనిషి అడిగాడు గదా అని ట్యూబులైటు పీకి చిన్న బల్బు పెట్టాడు. ఆ సాయంత్రం ఒకావిడ జత కొనుక్కుపోయి, పొద్దున్నే తిట్టుకుంటూ తిరిగొచ్చింది. రెండూ ఎడమకాలివే. తర్వాత చిన్న బల్బూ కుదరదన్నారు. ఆపైన అద్దాల తలుపు మెరుస్తోందన్నారు. చివరికి పొద్దుగూకకముందే షట్టర్లు దించాలని కూడలి అంతటికీ ఆర్డరొచ్చింది.

"బేరం పెరుగుతుందన్నారుగా?" అంది భార్య.

"పెరుగుతుందే. కాస్త ఓపిక పట్టు."

"పట్టాను. పెళ్లయ్యాక సాయంత్రంపూట మీ మొహం చూడటం ఇదే మొదలు. ఇంతకుముందే బాగుండేది."

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. స్తంభం తేనెరంగులో వెలిగింది. అది తప్ప మరేదీ కనబడకపోవడంతో మంత్రిగారు పొంగిపోయారు. మర్నాటి నుంచి మాత్రం అటు పురుగు కూడా రాలేదు. కొనడానికేమీ లేని చోటికి, గుంటలు కనబడని దారిన, ఎవరొస్తారు?

ఇంతలో, మంత్రిగారు స్తంభం ఫొటోలు పంపిన అవార్డు కమిటీ వాళ్ల నుంచి కబురొచ్చింది: ఫొటోలు బాగున్నాయి, జనజీవనం ఏదీ, వచ్చి చూస్తాం.

మంత్రిగారు క్షణం ఆలస్యం చేయలేదు. 'సజీవ సంధ్య' పథకం ప్రకటించారు. కన్సల్టెంట్ స్వయంగా బాబాయి ఇంటికొచ్చి, మెడలో కార్డు వేశాడు. 'చెప్పుల వర్తకుడి పాత్రధారి' అని ఉంది దాని మీద.

"అంటే కొట్టు తెరవచ్చా సార్?"

"ఎందుకు? తెరిచిన కొట్టు బొమ్మ షట్టరు మీద వేయించాం. దాని ముందు కూర్చోండి. రోజుకూలీ ఇస్తాం."

"మరి సరుకు?"

"అట్టతో చేయించాం. అసలు మెరవదు."

బాబాయి పక్క గది అద్దె తలుచుకున్నాడు. కూర్చున్నాడు.

కమిటీ వచ్చింది. మంత్రిగారు వాళ్లకు బాబాయిని చూపించి, "తరతరాల వర్తకం" అన్నారు. వాళ్లు తలలూపారు.

అంతలో చెప్పు తెగిన ఓ అమ్మాయి చీకట్లోంచి కుంటుకుంటూ వచ్చింది.

"అమ్మయ్య, తెరిచే ఉంచావా బాబాయ్! ఏదో ఒక జత ఇవ్వు, ఇల్లు చేరాలి."

బాబాయి ఆ అమ్మాయి కాలు చూశాడు. కమిటీ వైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"అమ్మకూడదమ్మా. డ్యూటీలో ఉన్నాను."