వనరాణి దుర్గుణాలు

ఆ ఉదయం బ్రైడీకి ఉన్న పనులు తేలికైనవే. కంప్యూటరు ముందు కూర్చుని రెండు ఉత్తరాలు పంపడం, పదకొండింటికల్లా చర్చిలో అమ్మ శవపేటిక పక్కన నిలబడడం. ఒక ఉత్తరం పాస్టరుకు, అందులో అమ్మకు నివాళి. రెండోది సంపాదకురాలికి, అందులో నవల కొత్త అధ్యాయం. బ్రైడీ రాసేవి ఎల్ఫుల కథలు, అంటే అడవుల్లో వెయ్యేళ్ళు బతికే మొనదేలిన చెవుల దివ్యజాతి కథలు. "నీ ఎల్ఫులు మరీ బంగారు బొమ్మలు. వాళ్ళ రాణికి నాలుగు దుర్గుణాలు తగిలించు" అని సంపాదకురాలు నెలరోజులుగా పోరుపెడుతుంటే, అమ్మ మంచం పక్కన కూర్చునే ఆ పని పూర్తిచేసింది. బయట అక్క నోలీన్ కారు హారన్ మోగిస్తుండగా హడావిడిగా రెండూ పంపేసి పరుగెత్తింది.

పాస్టరు తవిత ఆ ఓమారూ ఊరికి వచ్చి రెండు వారాలే అయింది. అమ్మను ఎన్నడూ చూడలేదు. చర్చిలో శవపేటిక ముందు నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, బ్రైడీ పంపినది చదవడం మొదలుపెట్టాడు.

"ఆమెకు వెయ్యేళ్ళ జ్ఞాపకం. గుర్తుపెట్టుకున్నవన్నీ ఎదుటివాళ్ళ తప్పులే."



"ఏంటే ఇది?" అంది నోలీన్ గుసగుసగా.

"అమ్మ గురించి కాదక్కా! ఎల్ఫుల రాణి గురించి. ఉత్తరాలు రెండూ తారుమారై వెళ్ళాయి."

ఆపుదామని బ్రైడీ లేచింది. దుఃఖం ఆగక లేచిందనుకుని, వెనక వరసలోని పిన్ని భుజం పట్టి కూర్చోబెట్టింది.

"క్షమించమనే మాట ఆమె భాషలోనే లేదు," అన్నాడు తవిత.

"నిజం!" అని వెనకనుంచి ఎవరో గట్టిగా అన్నారు. పక్కింటి కోర్మాక్. నలభై ఏళ్ళు పలకరించినా అమ్మ నుంచి జవాబు దక్కనివాడు. అతణ్ణి చూసి మరో ఇద్దరు "అవునవును" అన్నారు. తవితకు ఉత్సాహం వచ్చి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. ఈసారి చర్చి సగం వంతపాడింది.

"మొనదేలిన ఆ చెవులకు మూడు కొండల అవతలి గుసగుస వినబడేది. పక్కగదిలో కూతురి ఏడుపు మాత్రం వినబడలేదు."

నోలీన్ ముఖం చేతుల్లో దాచుకుంది. తొమ్మిదేళ్ళు అమ్మకు చాకిరీ చేసినది ఆమే. ఈ రోజుతో అక్క కూడా తనకు లేనట్టేననుకుంది బ్రైడీ.

తర్వాత పక్క హాల్లో, చీజ్ రోల్స్ పళ్ళేల దగ్గర నోలీన్ చెల్లెల్ని పట్టుకుని భోరున ఏడ్చింది. "మీ అమ్మ దేవత, మీ అమ్మ దేవత అని ఊరంతా నా ముందు అంటుంటే నాకే పిచ్చేమో అనుకున్నానే! నువ్వూ చూశావన్నమాట!"

రాణిని ఊహించి రాశాననే బ్రైడీ ఇన్నాళ్ళూ అనుకుంది. ఇక పొరపాటు మాట ఎత్తలేదు. అక్కను గట్టిగా పట్టుకుంది.

అంతలో తవిత టీ కప్పుతో వచ్చాడు.

"చాలా బాగా రాశారమ్మా. ఆవిడ డ్రాగన్‌ను చంపిన సంగతి మాత్రం సమయం చాలక వదిలేశాను, ఏమీ అనుకోకండి."