చీలమండ లోతు దిగ్విజయము

సూర్యభగవానుడింకను ముఖమైనను కడుగుకొనక, తూర్పుకొండల దుప్పటి చాటున మరియొక్క కునుకు తీయుదమా వలదా యని తర్జనభర్జన పడుచున్న ఆ మహాపుణ్యకాలమున, విహారనగరమునందలి ఒకానొక గాజుతలుపుల హోటలు ముంగిట, శ్వేతవర్ణశోభితమును, శీతలయంత్రసమన్వితమును, ఘర్ఘరధ్వానభీకరమును అగు టూరు బస్సు, యుద్ధమునకు సిద్ధమైన మదపుటేనుగు వలె ఘీంకరించుచు నిలిచియుండెను. దాని చుట్టును, చక్రముల పెట్టెలే రథములుగా, మెడదిండ్లే కవచములుగా, నిద్ర చాలని ఎర్రకన్నులే వీరలక్షణములుగా, సొమ్ము ముందే చెల్లించినది గావున వెనుకకు తిరుగ వీలులేని యాత్రికసైన్యము బారులు తీరి ఆవులించుచుండెను. ఓ వినోదయాత్రాధిదేవతా! సెలవుల పేరు చెప్పి మనుజులను ఆఫీసువేళకన్న ముందే లేపు దయామయీ! ఆ సైన్యమున చిట్టచివర నిలిచిన ఒక సామాన్యవనిత సాగించిన ఘోరసమరమును చెప్పబోవు ఈ నోటికి బలమిమ్ము.

ఆమె వృత్తిచే దర్జీ. బజారు మలుపున, మెట్లక్రింది ఇరుకుగదిలో, కుట్టుమిషను ముందు యౌవనమంతయు వెళ్ళబుచ్చిన సూచికాధారిణి. పొడుగైన పాంట్లను మడిచి, బిగిసిన చొక్కాలను వదులుచేసి, ఊరివారి లావును ఊరివారికే తెలియనీయక దాచిన రహస్యరక్షణదక్ష. ఈ దండయాత్రకు ఆమెను వెంటబెట్టుకొని వచ్చినవారు వదినగారు, అనగా భర్తకు అక్కగారు. హెడ్మిస్ట్రెస్సు పదవినుండి ఆమె రిటైరైనను, ఆమె కనుబొమ్మలు మాత్రము ఇంకను రిటైరు కాలేదు. ఒంటరివారికి గది ఇవ్వబోమని టూరు కంపెనీవారు తేల్చిచెప్పుటచే, గదిలోని రెండవ మంచమును నింపుటకై వదినగారు మరదలిని తలచుకొనిరి.

"నువ్వూ చూసినట్టుంటుంది, నాకూ తోడుగా ఉంటుంది" అనిరి.

ఈ వాక్యమున రెండవ సగమే నిజమని మరదలికి తెలియును. అయినను వచ్చెను. ఏలయన, టూరువారి రంగుల కాగితముమీద ఒక సరస్సు ఉండెను. నీలము. అంతటి నీలమును ఆమె ఏ బట్టలకొట్టులోను, ఏ తానులోను చూచి యెరుగదు.

ఇక సేనాని. టూరు మేనేజరగు ఆ యువకునిచేత సర్వకాలములయందును నారింజరంగు జెండా యొకటి రెపరెపలాడుటచే, అందరును అతనిని జెండాబాబు అనెడివారు. చరిత్రకన్న చేతిగడియారమునే గాఢముగ నమ్మిన ఆ వీరుడు, కోటయైనను కొండయైనను, బస్సు దిగిన తోడనే ఒకే మంత్రమును జపించెడివాడు: ఫొటో తీసుకొనుడు, బాత్రూమునకు పొండు, పది నిమిషములలో ఎక్కుడు. ఆ మంత్రమహిమచే గడచిన దినములలో మరదలు రాజప్రాసాదమునకు పోయి, తన ముందు నిలిచిన పెద్దమనిషి బట్టతలమీది పుట్టుమచ్చను కన్నులార దర్శించెను. మ్యూజియమున పరుగుపరుగున సాగుచు, చూచినది చక్రవర్తి కిరీటమో వంటవాని మూకుడో తేల్చుకొనలేక బయటపడెను. జలపాతమన్ననో, బస్సు ఎడమకిటికీలలో దభాలున దూకి మాయమయ్యెను. ఆమె కుడివైపున కూర్చుండియుండెను.

ఎడమవైపు మంచి సీట్లను మొదటిదినమే చేతిరుమాళ్ళు పరచి ఆక్రమించిన మహారథులలో అగ్రగణ్యులు సెల్ఫీ దంపతులు. కొండ కనబడిన కొండకు, నది కనబడిన నదికి వీపు చూపి, చేతనున్న ఫోనులో తమ ముఖములనే చూచుకొని మురియు ఆ ఆలుమగలకు కిటికీతో పనియేమో బ్రహ్మకే తెలియవలెను.

కాని దుకాణముల యొద్ద మాత్రము కాలపురుషుడు చెప్పులు విప్పి, బాసింపట్టు వేసికొని తీరికగా కూర్చుండెడివాడు. అచ్చట జెండాబాబు గడియారము వంక కన్నెత్తియైనను చూడడు. తొందరయేమియు లేదనియు, చూచుటకు డబ్బు పుచ్చుకొనరనియు తేనెలొలుక పలికెడివాడు. బాత్రూము ఎల్లప్పుడును దుకాణమునకు ఆ చివరనే ఉండుటచే, లఘుశంకార్థము లోనికి పోయినవారు గంధపుబొమ్మలతోడను, గడియారములతోడను బయటికి వచ్చెడివారు.

సరస్సు చూడవలసిన దినమున ఆ దుకాణము తివాచీలది. ఉదయము దిగినవారు మధ్యాహ్నము దాకా తివాచీల కొండలమధ్య చిక్కువడిరి. అమ్మకగాడు ఒకదానిపై నొకటి పరచుచుండ, చూచువారు ఇక కొనకున్న బాగుండదను మొగమాటమునకు లొంగుచుండ, వదినగారును లొంగిరి. ఎర్రని తివాచీ యొకటి చుట్టచుట్టబడి బస్సులోనికి వచ్చి, మరదలి ఒడిలో పసిబిడ్డ వలె పవళించెను. వదినగారి ఒడి చేతిసంచికి మాత్రమే ప్రత్యేకింపబడినది గదా.

అప్పుడు, బస్సు కొండమలుపులు తిరుగుచుండగా, జెండాబాబు మైకును చేపట్టి, గొంతు సవరించుకొని పిడుగువంటి మాట పలికెను.

"షాపింగ్‌లో కొంచెం లేటయింది కాబట్టి సరస్సు దగ్గర దిగడం లేదండీ. బస్సులోంచే చూసేద్దాం, ఎడమ పక్కన వస్తుంది. ఇప్పుడు ఆగితే అక్కడ బఫే మూసేస్తారు."

బఫే! ఆ రెండక్షరముల మహామంత్రము చెవిసోకినంతనే, అంతవరకు గుసగుసలాడుచున్న సైన్యమంతయు నిశ్శబ్దమై, ఆకలిగొని, ఏకగ్రీవమయ్యెను. ఒక్క మరదలు మాత్రము, ఒడిలోని తివాచీని అదిమిపట్టి, కదలుచున్న బస్సులో లేచి నిలిచెను. "ఓరీ ధ్వజధారీ! సరోవరమును చూపెదనని నమ్మించి తివాచీలు చూపినవాడా!" యని దిక్కులు పిక్కటిల్ల గర్జింపవలసిన ఘట్టమిది. కాని ఆమె గొంతు ఏనాడును కొలతటేపు పొడవును దాటినది కాదు.

"కాసేపు ఆపించు బాబూ. నేను ఆ సరస్సు కోసమే వచ్చాను" అనెను.

జెండాబాబు గ్రూపు అనగా నేమి, ఒకరికై పదుగురు ఆగుట ఎంతటి అన్యాయము, ముందే కుదిరిన కార్యక్రమము ఎంతటి పవిత్రము అను విషయములపై ఉపన్యసించెను. గంటలకొలది తివాచీలకై ఆగినప్పుడు ఈ ధర్మసూక్ష్మము ఎచ్చట నిద్రించెనో ఆమెకు బోధపడలేదు. వెనుకసీట్లలో కొందరు నాలుక చప్పరించిరి. సెల్ఫీ ఇల్లాలు ఉదారహృదయ గావున అభయహస్తము చాచెను.

"నేను తీసి మీ ఫోన్‌కి పంపిస్తాలెండి ఆంటీ. కూర్చోండి."

వదినగారు కొంగు పట్టి లాగి, పండ్లసందునుండి, "కూర్చో. నలుగురిలో ఏమిటిది?" అనిరి.

ఆమె కూర్చుండెను. అంతలో వచ్చినది సరస్సు. ఎడమకిటికీలలో, తలలకును భుజములకును ఎత్తిపట్టిన ఫోనులకును నడుమ, కత్తిరింపులో మిగిలిన పీలికలవలె, ఇచ్చట జానెడు, అచ్చట బెత్తెడు నీలము. పీలికలు! జీవితమంతయు నేల ఊడ్చి సంచిలో నింపినది పీలికలనే గదా! ఇంతదూరము వచ్చియు పీలికలేనా? ఆ క్షణమున ఆ శాంతస్వభావ హృదయమున ఏదియో పుటుక్కున, దారము తెగినట్లు, తెగెను.

లోకమున దర్జీలు అబద్ధమాడరని ఎవరును అనరు. "రేపు సాయంత్రానికి అయిపోతుందండీ" అను వాక్యమును, కత్తెర పెట్టనైన పెట్టని గుడ్డను చూపుచు, కంటిరెప్ప యల్లార్పక పలుకగల విద్య ఆమెకు కరతలామలకము. ఆ విద్యనంతను ఆవాహన చేసి, చేతిని నోటికడ్డము పెట్టుకొని, మెల్లగా పలికెను.

"వదినా, నాకు కడుపులో తిప్పుతోంది."

వమనాస్త్రము! తలుపులు మూసిన బస్సులో దీనికి ప్రతిగా ప్రయోగింపదగిన అస్త్రము ముల్లోకములలోను లేదు. ముందుసీటువారు మెడలు లోనికి లాగుకొనిరి. వెనుకసీటువారు కాళ్ళు పైకి ఎత్తుకొనిరి. సెల్ఫీ పతి, మొదటిసారిగా ఫోనును దింపి, ప్రపంచమును కంటితో చూచెను. వదినగారి చూపు మరదలి ముఖముమీద కాదు, ఆమె ఒడిలోని కొత్త తివాచీమీద పడెను. ఎన్నో ఏండ్లు అల్లరిపిల్లల తరగతులను ఒక్క కేకతో అణచిన ఆ కంఠము ఒక్కసారిగా మేల్కొనెను.

"బస్సాపు!"

డ్రైవరు ఏ బడిలో చదివెనో తెలియదు గాని, హోంవర్కు మరచిన పిల్లవానివలె ఉలికిపడి బ్రేకు తొక్కెను. జెండాబాబు నోరు తెరచుటకు ముందే తలుపు తెరచుకొనెను. తివాచీని వదినగారి ఒడిలోనికి బదిలీచేసి, మన వీరవనిత మెట్లు దిగి, గట్టుకు కట్టిన కమ్మీలసందున దూరి, గడ్డివాలును పట్టుకొని దిగసాగెను. వాంతి వచ్చువారు అంత వేగముగా నడువరని గుర్తించినవాడు డ్రైవరొక్కడే. అతడు ఇంజను ఆపి, చేతులు వెనుకకు విరిచి ఒళ్ళు విరుచుకొనెను.

ఇదిగో సరోవరము! పర్వతపరివేష్టితము, మందమారుతతరంగితము, నిర్మలనీలజలసంభరితము! దాని ఒడ్డున, ఎవరును నెట్టనిచోట, ఆమె నిలిచెను. కాగితముమీది నీలమంత నీలముగా లేదు. కొంచెము బూడిదరంగు కలిసినది. ఒడ్డుకు ఆనుకొని ఒక ప్లాస్టిక్ సీసా తేలుచుండెను. అయినను అది పీలిక కాదు. తానంతయు ఒక్కటే, ఆ కొసనుండి ఈ కొసదాకా, ఎక్కడను అతుకు లేదు. ఆమె వంగి చెప్పులు విప్పబోయెను. ఎడమచెప్పు వెంటనే లొంగిపోయెను. కుడిచెప్పు బకిలు మొరాయించెను. పైనుండి హారను మ్రోగెను. కుడిచెప్పుతో పోరాడుచు కూర్చున్నచో యుద్ధమే చేజారునని గ్రహించి, కుడికాలిని ఒక రాతిపై నిలిపి, ఎడమకాలిని నీటిలో పెట్టెను.

చల్లదనము చీలమండకు కడియము తొడిగినట్లు పట్టుకొనెను. ఆ పాదము సామాన్యమైనది కాదు. మిషను పెడలును తొక్కి తొక్కి, లెక్కకు భూగోళమును చుట్టివచ్చునంత దూరము నడిచియు, మెట్లక్రింది గదిని దాటి ఎరుగనిది. ఇప్పుడు దాని క్రింద గులకరాళ్ళు మెల్లమెల్లగా జారుచుండెను. తొక్కవలసినదేమియు లేదు. ఆమె దానిని ఊరకే అచ్చట ఉండనిచ్చెను.

రొప్పుచు, జారుచు, జెండాను ఊతకఱ్ఱగా చేసికొని జెండాబాబు వచ్చి వెనుక నిలిచెను. నీటిని చూచెను, కాలిని చూచెను, చుట్టుపట్ల గడ్డిని పరిశీలించెను.

"అమ్మా, వాంతి అన్నారు?"

"తగ్గిపోయింది బాబూ."

అతడు గడియారము చూచుకొనెను. కోపగింపదలచెను గాని, నీటిలో కాలుంచిన మనిషిపై కోపగించుట ఎట్లో అతనికి శిక్షణలో నేర్పలేదు. ఇన్నిమార్లు ఈ త్రోవన వచ్చియు ఒడ్డుదాకా దిగుట అతనికిని ఇదే మొదలు. బూట్లలోనికి తడి ఎక్కుచుండ, ఒక్క అడుగు వెనుకకు వేసి నిలిచెను. ఆమె మరల వంగి కుడిచెప్పు బకిలుపై చేయి వేయుట చూచి, అతని ప్రాణము ఉస్సురుమనెను. చేతులు జోడించెను.

"ఒక కాలు పెట్టారు కదమ్మా, రెండోది వద్దు. మీకు దణ్ణం పెడతా."

ఆమె ఆ అబ్బాయి ముఖము చూచెను. చెమట పట్టిన ఆ ముఖము, పెండ్లివారు వచ్చి గుమ్మముననిలిచినను గుండీలు కుట్టుట కాని దర్జీ ముఖము వలెనే ఉండెను. అట్టివానిని ఇక పీడించుట వీరధర్మము కాదు. "సరే, పద" అని కాలు పైకి తీసెను.

వాలు నడుమన వదినగారు, వాంతి పట్టుటకై ప్లాస్టిక్ సంచి నోరు తెరచిపట్టుకొని నిలిచియుండిరి. తడిసిన కాలినుండి మరదలి ముఖముదాకా, తప్పులు దిద్దు చూపుతో ఒకమారు చూచి, సంచిని మడిచి చేతిసంచిలో పెట్టుకొనిరి.

బస్సులోనికి వచ్చుసరికి మరియొక వింత. సెల్ఫీ దంపతులు ఎడమవైపు మొదటి సీటును ఖాళీచేసి, చేతిరుమాలుతో సహా చివరిసీటుకు పారిపోయి, గాలి బాగా తగులుచోట కూర్చుండుమని వదినామరదళ్ళను బ్రతిమాలిరి. మంచిమాటకు దొరకని సీటు వాంతిభయమునకు దొరికెను. ఈ లోకపు పోకడ ఇట్టిదే. బస్సు కదలెను. కిటికీనిండ, ఎవరి తలయు అడ్డములేక, సరస్సు చాలదూరము వెంట వచ్చెను.

 వదినగారు తివాచీ చుట్టను సవరించుచు, ఎవరికిని వినబడకుండ అడిగిరి.

"చల్లగా ఉందా?"

"చల్లగా ఉంది వదినా. కింద రాళ్ళు జారుతుంటే కితకితలు పెట్టినట్టుంది."

వదినగారు కిటికీవైపు తిరిగిరి. బడి పిల్లలను ఏటేట విహారయాత్రలకు తీసికొనిపోయి, నీటి దగ్గరకు పోవద్దని ఈలవేసి వెనుకకు పిలిచిన ఆ కంఠము ఇప్పుడు గుసగుసలాడెను.

"ముందే ఒక మాట చెప్పాల్సింది. నాకూ కడుపులో తిప్పి ఉండేది."

బఫే మూయలేదు. మూయుదురను మాటయే అచ్చటివారు ఎరుగరు. అన్నము సాయంత్రముదాకా ఆవిరులు క్రక్కుచుండెను. భోజనశాలకు ఆనుకొని ముత్యాల దుకాణమొకటి తలుపులు బార్లా తెరచి నవ్వుచుండెను.

ఇట్లు నారింజధ్వజమును ధిక్కరించి, బఫేమాయను ఛేదించి, వమనాస్త్రమున బస్సును స్తంభింపజేసి, యోజనముల పర్యంతము వ్యాపించిన ఆ మహాసరోవరమును ఒక దర్జీ తన ఎడమపాదముతో, చీలమండ మేరకు జయించెను. కుడిపాదము బకిలు వీడక పొడిగానే మిగిలెను. అయిననేమి? గెలిచిన సైన్యములో యుద్ధము ముఖమెరుగనివారును కొందరుందురు. పతకములు వారికిని దక్కును. కావున దుందుభులు మ్రోగుగాక, దిక్కులు వినుగాక: జయము! చీలమండ వరకు జయము!