పులిగారి దవడపన్ను

అనగనగా ఒక పెద్ద అడవిలో దంతవైద్య కళాశాల ఉండేది. ఆ ఏడు వాగు పొంగి దారులు మునిగిపోవడంతో పాఠాలు చిలకలపాలయ్యాయి. ప్రిన్సిపాల్ శార్దూలరావుగారు, అంటే పులిగారు, గుహలో కూర్చుని పాఠం చెప్పేవారు. చిలకలు విద్యార్థుల ఇళ్ల ముందు వాలి దాన్ని అప్పజెప్పేవి.

ముంగిస మంజీరకి మొదట్లో ఇది హాయిగానే ఉంది. వాగు దాటక్కర్లేదు. వేళకి అమ్మ చేతి తిండి. అర్థం కాకపోతే చిలకని మళ్లీ అడగొచ్చు. పులిని అడగాలంటే గుండె ధైర్యం కావాలి. ఎటొచ్చీ పన్ను పీకడం మాత్రం సొరకాయకి గుచ్చిన గవ్వల మీద నేర్చుకోవలసి వచ్చింది.

వాగు తగ్గింది. శార్దూలరావుగారికి మాత్రం గుహ వదలబుద్ధి కాలేదు. విద్యార్థులను పిలిపించారు.

"ఇకమీదట కూడా ఇలాగే సాగిద్దామా? మొహమాటపడకుండా చెప్పండి," అంటూ తన గోళ్లు చూసుకున్నారు.

ఎలుగుబంటి భల్లం లేచాడు. "బ్రహ్మాండం సార్! పాఠంలో నిద్రపోతే మీరు లేపుతారు. చిలక లేపదు."

మంజీర గొంతు సవరించుకుంది. "పాఠం బాగానే వస్తోంది సార్. చెయ్యే తిరగడం లేదు. సొరకాయ కరవదు కదండీ."

"చెయ్యిదేముందమ్మాయ్, అదే తిరుగుతుంది," అన్నారు పులిగారు. చిలకలు "ఏకగ్రీవం! ఏకగ్రీవం!" అని అరిచాయి. మంజీర తోక ముడుచుకుని కూర్చుంది.

కొన్నాళ్లకి పులిగారికే దవడపన్ను సలపడం మొదలెట్టింది. భల్లానికి కబురు పెడితే, "ఉప్పునీళ్లు పుక్కిలించండి. తగ్గకపోతే మళ్లీ చిలకను పంపండి," అని దూరం నుంచే వైద్యం చేశాడు.

మంజీర మాత్రం పట్టకారు పట్టుకుని స్వయంగా వచ్చింది.

"కింద, కుడి దవడ," అని మూలిగి పులిగారు నోరు తెరిచారు.

వేడి ఊపిరి మొహానికి కొట్టింది. నాలుక అటూ ఇటూ కదులుతోంది. లాలాజలంలో పట్టకారు జారుతోంది. ఇవేవీ చిలక చెప్పలేదు. మంజీర కళ్లు మూసుకుని బలంగా లాగింది.

పులిగారి అరుపుకి చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి.

"నొప్పి పోయిందా సార్?"

"పోలేదు! ఇంకోటి మొదలైంది! కుడిది పీకమంటే ఎడమది పీకావు!"

మంజీర రెండడుగులు వెనక్కి వేసింది. అయినా పారిపోలేదు. "నాకు కుడివైపున్నదే పీకాను సార్. కుడి అంటే రోగి కుడివైపా, డాక్టరు కుడివైపా అని చిలకని ఎన్నోసార్లు అడిగాను. 'కుడి, కుడి' అందే గానీ ఎవరి కుడో చెప్పలేదు."

పులిగారు పంజా ఎత్తారు. ఎత్తిన పంజా అలాగే ఉండిపోయింది. ఈ పిల్లని మింగేస్తే ఆ రెండోది ఎవరు పీకుతారు?

మెల్లగా పంజా దించి, తన కుడి దవడ మీద వేలు పెట్టి చూపించి, మళ్లీ నోరు తెరిచారు. ఈసారి మంజీర కళ్లు తెరిచే లాగింది.

తెల్లవారగానే కళాశాల గంట మోగింది. అందరూ విధిగా రావాలని ప్రిన్సిపాల్‌గారి ఆజ్ఞ. వాగు దాటుతూ, తడిసిన తోక విదుల్చుకుంటూ, చిలక పాఠాలే సుఖంగా ఉండేవని మంజీర గొణుక్కుంది.

నీతి: దూరవిద్యలో లోటుపాట్లు బోధపడాలంటే, పీకే పన్ను ప్రిన్సిపాల్‌గారిదై ఉండాలి.