రాతి సెల్యూట్

యుద్ధంలో ప్రాణాలర్పించిన మన పోలీసు వీరులకు స్టేషన్ ఎదుట స్మారకం వెలసిందని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాను. వీరులు ముగ్గురు, ముగ్గురూ కానిస్టేబుళ్ళే. వంతెన కాపలాకు వెళ్ళి, బాంబులు పడుతున్నా అక్కడినుంచి కదల్లేదు. కదలమని ఆర్డరు రాలేదు. వారిలో ఒకరు మా అత్తగారి నాన్నగారు.

అత్తగారి కోరిక చిన్నదే. "జన్మంతా మా నాన్న కనబడ్డ ప్రతివాడికీ సెల్యూట్ కొట్టాడే అమ్మాయ్. ఆఫీసరు గారి కుక్కక్కూడా కొట్టాడు, వెనకాల ఆయన వస్తున్నారేమోనని. ఒక్కసారి ఎవరైనా మా నాన్నకి కొడితే చూసి కళ్ళు మూస్తా" అనేవారు.

"దానికేం అత్తయ్యా, విగ్రహం పెట్టాక కొట్టక చస్తారా?" అన్నాను. డిపార్ట్‌మెంటు శక్తిని తక్కువ అంచనా వేశాను.

ముగ్గురికీ కలిపి ఒకే విగ్రహం. శిల్పి తెచ్చిన మట్టి నమూనాలో కానిస్టేబుల్ చేతులు దించుకుని నిటారుగా నిలబడ్డాడు. పొట్ట బొత్తిగా లేదని, నేటి ప్రమాణాలకు తగినట్టు కాస్త పెంచమని డిపార్ట్‌మెంటు వేసిన స్మారక కమిటీ ఆదేశించింది. కానిస్టేబుల్ పైనుంచి అధికారులను చూడరాదు గనుక పీఠం తగ్గించింది. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. ఆవిష్కరణ నాడు పెద్దాఫీసరు గారు విగ్రహానికి సెల్యూట్ చేయాలి. పైవారు కిందివారికి ముందుగా చేయడం నిబంధనల్లో లేదు.

పోయినవారికి ప్రమోషన్ ఇద్దామన్నారొకరు. ఇస్తే పెద్దాఫీసరు గారి హోదాను దాటించాలి. అంత హోదా గలవారిని ఒకేచోట ఎక్కువకాలం ఉంచకూడదు, విగ్రహాన్ని బదిలీ చేయవలసి వస్తుంది.

చివరికి ఇన్‌స్పెక్టర్ గారే గండం గట్టెక్కించారు. "ముందు వాణ్ణే కొట్టమనండి సార్! తర్వాత తమరు బదులిస్తే రూలు రూలుగానే ఉంటుంది."

విగ్రహం చెయ్యి పైకి లేచింది.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. తెర తొలగగానే రాతి కానిస్టేబుల్ పెద్దాఫీసరు గారికి సెల్యూట్ కొడుతూ దర్శనమిచ్చాడు. "చూశారా, ప్రాణం పోయినా క్రమశిక్షణ పోలేదు! పోయినవారిని చూసి ఉన్నవారు బుద్ధి తెచ్చుకోవాలి" అని వారు గద్గదస్వరంతో సెలవిచ్చారు. బదులు సెల్యూట్ చేయబోతే చేతుల్లో పూలగుత్తి ఉంది. తల ఊపి సరిపెట్టారు.

"అయ్యో రాత! పోయాక కూడా మా నాన్నే కొట్టాలా?" అంటూ అత్తగారు లేచారు. మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, విగ్రహం ఎదుట నిలబడి చెయ్యెత్తారు. హ్యాండుబ్యాగు మోచేతికి వేలాడుతూనే ఉంది.

బందోబస్తు కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. "చెయ్యి దించండి మామ్మగారూ, సార్ ఫొటోకి అడ్డం!"

"దించమని నాకు ఆర్డరు రాలేదు నాయనా" అన్నారు అత్తగారు.

మర్నాడు పేపర్లో పెద్దాఫీసరు గారి ముఖం ఉండవలసిన చోట మా అత్తగారి హ్యాండుబ్యాగు స్పష్టంగా పడింది.

స్మారకానికి ప్రజాదరణ అపూర్వం. దగ్గరిదారి మానుకుని మరీ జనం అటే తిరుగుతున్నారు. ఇంట్లో మంచినీళ్ళిచ్చే దిక్కు లేనివాడికైనా అక్కడ నిండు సెల్యూట్ గ్యారంటీ. మీరూ రండి. చెయ్యెత్తే శ్రమ మీకక్కర్లేదు, తల ఊపితే చాలు. చాలామంది అదీ ఊపరు. నేను మాత్రం తప్పకుండా ఊపుతాను. రెండు చేతుల్లోనూ కూరల సంచులుంటాయి మరి.